ఊసరవెల్లికి అద్దె ఇల్లెందుకు?

మా రైవాడ నీళ్లు విశాఖపట్నం వాళ్ల కుళాయిల్లోకి వెళ్తాయి. పోనీలే పాపం, దాహానికే కదా అని మేం ఏనాడూ నోరెత్తలేదు. దానికి బదులుగా విశాఖపట్నం నుంచి మొన్న సంక్రాంతికి మా దేవరాపల్లికి ఏం వచ్చాయో తెలుసా అండీ? ఊసరవెల్లులు! ఒకటి కాదు, మూడు. ఎవరి పంజరం వారిదే, ఎవరి దీపం వారిదే. కారు వెనక సీట్లోంచి కొత్త అల్లుళ్లలాగా ఒక్కొక్కటే దిగాయి.

తెచ్చినవాడు మా అక్క కొడుకు. విశాఖలో కంప్యూటరు ఉద్యోగం. వాడి భార్య పురిటికి పుట్టింటికి వెళ్లింది. "ఫ్లాట్‌లో వీటిని పెట్టి తాళం వేసి రాలేను పిన్నీ. నాలుగు రోజులే" అన్నాడు. వాడి చేతిలో డబ్బా చూసి, మా అక్క పంపిన అరిసెలు కాబోలు అనుకుని గబగబా అందుకున్నాను. మూత తీశాను. రెండు వందల కీచురాళ్లు! పండగ పూట మా వంటింట్లో ఆ తరవాత జరిగిన సంగతి నేను రాయను. పప్పుడబ్బాల వెనక నుంచి చాలా రోజులపాటు ఒకటి పాడుతూనే ఉంది.

వాకిట్లో ముగ్గు వేస్తున్న మా పనమ్మాయి పంజరాల్ని చూసి ముగ్గుబుట్ట అక్కడే పడేసింది. "ఓలమ్మా! పండగ పూట దీని మొకం సూసీసినాను. ఇంకేటవుతాదో ఏటో!" అని కళ్లు మూసుకుంది. మావారు మాత్రం కళ్లజోడు తుడుచుకుని దగ్గరగా వచ్చారు. ఆయన తాసీల్దారు ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యారు. ఏ వస్తువు చూసినా ముందు దాని కాగితాలు అడగడం ఆయనకి అలవాటు. "వీటికి కాగితాలున్నాయా నాన్నా?" అన్నారు. "అమ్మినవాడు పంపిస్తానన్నాడు మావయ్యా" అన్నాడు మావాడు. ఆ 'అన్నాడు' అనే మాట మనసులో ఉంచుకోండి, మళ్లీ వస్తుంది.

వాటి సేవ చెబితే మీకు మీ అత్తగారి మడి గుర్తుకొస్తుంది. గిన్నెలో నీళ్లు పోస్తే ముట్టుకోవు. నీళ్లు ఆకుల మీద బొట్టుబొట్టుగా పడాలి, అప్పుడు నాలికతో అందుకుంటాయి. పంజరంలో ఒక మూల ఎండలా వేడిగా ఉండాలి, ఇంకో మూల నీడలా చల్లగా ఉండాలి. అతినీలలోహిత కిరణాలిచ్చే ప్రత్యేకమైన దీపం లేకపోతే ఒంటికి సున్నం పట్టదు, ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. కీచురాళ్లకి సున్నప్పొడి అద్ది మరీ వడ్డించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒకదాని కంట ఒకటి పడకూడదు. పడితే ఒళ్లు నల్లబరుచుకుని మేత మానేస్తాయి. మా ఇంట్లో ఉన్నవి రెండు గదులూ ఒక వసారా. మూడు ఊసరవెల్లులకి మూడు మూలలు కేటాయించాక, పండక్కి వచ్చిన మా ఆడపడుచు కుటుంబానికి వంటింట్లో పక్కలు వెయ్యవలసి వచ్చింది. రాత్రి కరెంటు పోతే మావారు సీసాల్లో వేడినీళ్లు నింపి గుడ్డలు చుట్టి పంజరాల పక్కన పెట్టారు. నా మోకాళ్ల నొప్పికి ఏనాడూ కాచని నీళ్లు!

చూడముచ్చటగా లేవని నేననను. రెండు యెమెన్ దేశపువి, ఒక ఆడది, ఒక మగది. మగదాని నెత్తిన కిరీటంలాంటి ఎత్తైన బొడిపె. మూడోది మడగాస్కర్‌ది, ఒళ్లంతా ఆకుపచ్చా నీలమూ కలిసిన రంగు, మధ్యమధ్య ఎర్రటి పట్టీలు. ఒక కన్ను నన్నూ ఇంకో కన్ను కీచురాయినీ ఒకేసారి చూసేది. ఒంటికన్నా పొడుగైన నాలిక విసిరిందంటే రెప్పపాటులో పురుగు మాయం. విషం లేదు, మనిషి జోలికి రాదు. ప్రపంచంలో ఊసరవెల్లుల జాతులు రెండు వందలకు పైగా ఉన్నాయనీ, వాటిలో సగానికి దగ్గరగా మడగాస్కర్‌లోనే ఉన్నాయనీ, మన దేశం మొత్తానికీ ఉన్నది ఒకే ఒక జాతి అనీ మావాడే చెప్పాడు. చదువుకున్నాడు, కాదనను. వాడితో నా తగువు చదువు లేనందుకు కాదు.

నిజానికి నాకు రెండువైపులా తగువే ఉంది. ముందు మనవాళ్లతో తేల్చుకుంటాను. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని సామెత చెబుతాం. ఎంత ముదిరినా తొండ తొండే. రెండూ వేరువేరు కుటుంబాలు, వియ్యానికి కూడా పనికిరావు. ఇక మాట మార్చిన ప్రతి నాయకుణ్ణీ ఊసరవెల్లి అంటాం. ఇంతకన్నా అన్యాయం ఉందా? ఊసరవెల్లి దాక్కోడానికి ఎదురుగా ఉన్న రంగు పూసుకుంటుందని మనం చిన్నప్పుడు నేర్చుకున్నది చాలావరకు తప్పు. అది రంగు మార్చేది ఎక్కువగా మనసులో మాట చెప్పడానికి. కోపం వస్తే ఒక రంగు, భయానికి ఒకటి, చలికి ఎండ పీల్చుకోడానికి ముదురు రంగు. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఈ మడగాస్కర్ జాతి మీదే పరిశోధన చేసి చెప్పారు. దాని చర్మంలో కంటికి కనబడనంత చిన్న స్ఫటికాలు వరసలుగా ఉంటాయట. నెమ్మదిగా ఉన్నప్పుడు ఆ వరసలు దగ్గరగా ఉండి నీలాన్ని తిప్పికొడతాయి, ఉద్రేకం వస్తే దూరంగా జరిగి పసుపునీ ఎరుపునీ తిప్పికొడతాయి. పూసల దండ బిగిస్తే ఒక రంగు, వదులు చేస్తే ఇంకో రంగు అన్నమాట. నాయకుడు మనసు దాచడానికి రంగు మారుస్తాడు. ఇదేమో దాచలేక మారుస్తుంది. పోలిక ఎక్కడ?

పాపిష్ఠి జీవి అని రాళ్లు వేసేవాళ్లు మన పురాణాలైనా సరిగ్గా వినలేదు. రావణుడికి జడిసి దేవతలు తలోరూపం ఎత్తినప్పుడు సాక్షాత్తు కుబేరుడు దాక్కున్నది ఈ కృకలాసం రూపంలోనే. నృగ మహారాజు శాపంవల్ల కృకలాసమై, ఊసరవెల్లి అనండి తొండ అనండి, పాడుబడ్డ నూతిలో పడి ఉంటే యాదవుల పిల్లలు ఏం చేశారు? రాళ్లేశారా? తాళ్లు వేసి పైకి లాగబోయారు. లాగలేక పరిగెత్తుకెళ్లి కృష్ణుణ్ణి పిలుచుకొచ్చారు. మన పిల్లలకి ఆ కథలో రాజు సంగతి చెబుతాం, శాపం సంగతి చెబుతాం, ఆ పిల్లల సంగతి మాత్రం చెప్పం.

సరే, ఇది పాత తగువు. కొత్త తగువు కనుమనాడు మొదలైంది.

ఆ ఉదయం గారెలకి పప్పు రుబ్బుతూ వసారాలోకి చూశాను. యెమెన్ ఆడది కొమ్మ దిగి పంజరం అడుగున తిరుగుతోంది. కొమ్మని పట్టుకు వేళ్లాడే జీవి నేల మీద ఎందుకు తిరుగుతుంది? ముందురోజు నుంచీ మేత ముట్టలేదు. ప్లాస్టిక్ అడుగుని గోళ్లతో గీకుతోంది, ఆగుతోంది, మళ్లీ ఇంకో మూలకి వెళ్లి గీకుతోంది. ఒళ్లంతా నల్లగా చేసుకుంది, ఆ నలుపు మీద పసుపూ నీలమూ చుక్కలు. కడుపు రెండు పక్కలా ఉబ్బి గడ్డలు గడ్డలుగా కనిపిస్తోంది. నేను ముగ్గుర్ని కన్నదాన్ని, అరడజను పురుళ్లు దగ్గరుండి పోసినదాన్ని. నాకు పుస్తకం అక్కర్లేకపోయింది.

"ఒరే, ఇది నిండుచూలాలురా" అన్నాను.

"తెలుసు పిన్నీ. నెల కిందట మగదానితో కలిపి పెట్టాను" అన్నాడు.

"మరి గుడ్లు ఎక్కడ పెడుతుంది?"

"మట్టిలో గొయ్యి తీసుకుని పెడుతుంది. ఇసుక తొట్టి ఫ్లాట్‌లో ఉండిపోయింది. కారులో పట్టలేదు."

చూశారా అమ్మా! దీపాలు పట్టాయి, వాటి స్టాండ్లు పట్టాయి, ఫోటోలు తీసే కెమెరా పట్టింది, రెండు వందల కీచురాళ్లు పట్టాయి. చూసుకుని మురవడానికి కావలసినవన్నీ పట్టాయి. పురిటికి కావలసింది ఒక్కటే పట్టలేదు. అప్పుడు నెమ్మదిగా అడిగితే చెప్పాడు. గొయ్యి తీసే చోటు దొరక్కపోతే అది గుడ్లు బిగబట్టుకుంటుందట. అలాగే బిగబట్టి చచ్చిపోతుందట. పెంచేవాళ్ల ఇళ్లల్లో ఆడవి చావడానికి ఇదొక పెద్ద కారణమట. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఈ యెమెన్ జాతి ఆడది మగదాన్ని కన్నెత్తి చూడకపోయినా గుడ్లు పెడుతుందట. మేత ఎక్కువగా పెట్టే కొద్దీ గుడ్లు ఎక్కువవుతాయి. ఏడాదిలో మళ్లీ మళ్లీ పెట్టి ఒళ్లు అరిగిపోయి, మగదానికన్నా ముందే పోతుంది. మనం పిల్లికి పాలు పోసినట్టు ప్రేమగా పోసే మేతే దాన్ని తినేస్తుందన్నమాట.

"ఆ నల్ల రంగేమిటిరా?" అన్నాను. "మగదాన్ని రావద్దని చెప్పడం పిన్నీ. నేను చూలుతో ఉన్నాను, దూరంగా ఉండు అని" అన్నాడు.

అడవిలో అయితే ఆ మాటకి విలువ ఉంది. మగది చూసి వెళ్లిపోతుంది, లేకపోతే ఇదే ఇంకో కొమ్మకి పోతుంది. పంజరంలో ఆ మాట ఎవరికి చెప్పాలి? కలిపి పెట్టడమూ విడదీయడమూ పంజరం తలుపు చేతిలో ఉన్నవాడి ఇష్టం. ఒళ్లంతా నోరు చేసుకుని వద్దని చెప్పినా వినిపించుకునేవాడు లేని ఇల్లు. ఈ పత్రిక చదివే మీలో ఎందరికో ఈ సంగతి నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

పెరట్లో గచ్చు పనికి తెప్పించిన శారదా నది ఇసుక మిగిలి ఉంది. పాత నీళ్లడ్రమ్ము సగానికి కోసిన ముక్కలో ఆ ఇసుక తడిపి నింపాను. చెయ్యి పెట్టి గొయ్యి తీస్తే కూలకుండా నిలబడేంత తడి. దాన్ని అందులో దింపి, చుట్టూ నా పాత నేతచీర కట్టాను. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే తవ్వడం మానేస్తుందట. మావాడు ఫోను పట్టుకుని చీర పక్కకి జరపబోతే చేతి మీద ఒక్కటి వేశాను. పురిటిగదిలోకి మగాళ్లకేం పని? ఆ రోజంతా తవ్వింది. మర్నాటి సాయంత్రానికి పైకి వచ్చింది. పక్కలు పీక్కుపోయి, ఒంటినిండా ఇసుకతో, కాళ్లు వణుకుతూ. గొయ్యి పూడ్చి పైన చదును చేసి మరీ వచ్చింది. ఆకుల మీద నీళ్లు చిలకరిస్తే పావుగంట సేపు తాగింది.

మావాడు ఇసుక తవ్వి లెక్కపెట్టాడు. ముప్ఫై ఏడు గుడ్లు. అవి పిల్లలవడానికి ఆరు నెలల పైనే పడుతుందట. అప్పుడే ఒక్కో పిల్ల ఎంత పలుకుతుందో ఫోనులో లెక్కకట్టేశాడు. "ఈ డబ్బుతో కెన్యావి కొంటాను పిన్నీ, మూడు కొమ్ములుంటాయి" అన్నాడు. కెన్యాలో అవి ఉండేది చల్లటి కొండల మీద. వాటిని తెచ్చి విశాఖ ఎండలో పెట్టడమంటే, ఊటీవాణ్ణి అనకాపల్లి బెల్లం పొయ్యి పక్కన కూర్చోబెట్టడమే. ఒకటి ఎడారి అంచుది, ఒకటి తేమ అడవిది, ఒకటి చలికొండది. ఒక ఇంట్లో మూడు దేశాల వాతావరణం నిలబెట్టడానికి మీటరు గిర్రున తిరగాలి. తపాలా బిళ్లలు పోగేసేవాళ్లని చూశాను, అగ్గిపెట్టెలు పోగేసేవాళ్లని చూశాను. అవి ఆకలని అడగవు, గుడ్లు పెట్టవు.

అంతలో వీధిలో పిల్లలు నాలుగోదాన్ని తెచ్చారు. మా జీడిమామిడి తోట కంచె మీదిది, మన జాతిది. మావాడు ముందురోజే వాళ్లకి యాభై రూపాయలు ఇస్తానన్నాడట. కొబ్బరితాడు నడుముకి బిగించి ఈడ్చుకొచ్చారు. పచ్చగా లేతాకులా ఉండవలసింది బొగ్గులా మాడిపోయి ఉంది. వసారాలోకి తెచ్చేసరికి ఎదురుగా యెమెన్ మగది కనపడింది. రెండూ ఒళ్లు బల్లపరుపుగా చదును చేసుకుని నోళ్లు తెరిచాయి.

అప్పుడు లేచారు మావారు. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో నేనొక్కదాన్నే గొంతెత్తుతున్నానని అనుకునేదాన్ని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో మన ఊసరవెల్లి పేరుందనీ, పట్టినా కొన్నా అమ్మినా ఇంట్లో ఉంచినా నేరమేననీ, జైలుకి పంపగల నేరమనీ వరసగా చదివినట్టు చెప్పారు. విదేశాల జాతులకి వేరే చట్టం లేదనుకోకు అన్నారు. అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న జీవుల్ని 2022 సవరణతో మన చట్టంలోకి తెచ్చారు. యెమెన్‌దీ మడగాస్కర్‌దీ రెండూ ఆ జాబితాలోవే. 2024 నిబంధనల ప్రకారం ఇంట్లో ఉన్నవాటిని పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పుట్టినా చచ్చినా చేతులు మారినా తెలపాలి. "నీ ముప్ఫై ఏడూ పుట్టాక ముప్ఫై ఏడు సార్లు రాస్తావా? రాయడానికి తల్లి కాగితాలు ఏవీ?" అన్నారు. అమ్మినవాడు పంపిస్తాన'న్నాడు'. నేను ఆ మాట మనసులో ఉంచుకోమన్నది ఇందుకే. బ్యాంకాక్ నుంచి వచ్చే విమానాల్లో పెట్టెల అడుగున సరీసృపాలు పట్టుబడ్డ వార్తలు మీరూ చదివే ఉంటారు. కాగితాలు రాని ప్రాణి ఎలా వచ్చిందో ఎవరికి తెలుసు? దానితోపాటు బయల్దేరినవాటిలో ఎన్ని దారిలో చచ్చాయో ఎవరు చెబుతారు?

మావాడు ఊరుకోలేదు. వాడి మాట కూడా రాయాలి కదా. "పొలాల్లో మందులు కొడుతున్నారు, తోటలు నరికేస్తున్నారు, కంచెలు పీకి సిమెంటు గోడలు కడుతున్నారు. బయట ఉంటే చచ్చేవే పిన్నీ. నా దగ్గర కనీసం బతుకుతున్నాయి" అన్నాడు. నిజమే. మా ఊరు ఉన్నచోటే ఉండి 2022లో విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారిపోయింది కాని, కంచెలు మాత్రం నిజంగానే పోయాయి. నా చిన్నప్పుడు చోడవరం నుంచి బండిలో వస్తుంటే తంగేడు పొదల మీద ఊగుతూ నడిచే ఊసరవెల్లులు ఎన్నో కనిపించేవి. కాని బాబూ, మందుల మీద కోపం వస్తే మందుల మీద పోట్లాడు. నీ పంజరంలో పుట్టిన ముప్ఫై ఏడింటిలో ఒక్కటైనా తిరిగి ఏ కంచె మీదికైనా వెళ్తుందా? వెళ్లినా ముప్పే. 1972లో పెంపుడు జంతువుల వ్యాపారం కోసం హవాయి దీవులకి తెచ్చిన ఆ కెన్యా కొమ్ములవి బయటపడి, అక్కడ స్థిరపడి, ఆ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేని నత్తల్ని తింటున్నాయి. ఇంట్లో ఉంటే ఖైదు, బయటికి వస్తే దొమ్మీ. ఆ మధ్యలో నీ సరదా.

అక్కయ్య ఫోన్ చేసి నన్నే కేకలేసింది, పండగపూట పిల్లాణ్ణి ఏడిపించావని. "వాడు తాగుతాడా, పేకాడతాడా? జంతువుల మీద ప్రేమ ఉంటే తప్పా?" అంది. ప్రేమ ఉంటే తప్పని నేననలేదు. ప్రేమకి తలుపూ గడియా ఎందుకని అడిగాను. దానికి అక్కయ్య సమాధానం చెప్పకుండా, మీ బావగారికి జలుబు చేసిందని మాట మార్చింది.

నాలుగోదాన్ని పిల్లల చేతే తాడు విప్పించి, యాభై రూపాయలకి బదులు తలా రెండు అరిసెలు పెట్టి, పట్టిన కంచె మీదే వదిలి రమ్మన్నాను. నమ్మకం లేక నేనూ వెంట వెళ్లాను. కొమ్మ మీద పెట్టగానే కదల్లేదు. చాలాసేపు నల్లగానే ఉంది. పిల్లలు రాళ్లు వెతకడం మానేసి దాని కళ్లు ఎటు తిరుగుతున్నాయో పందేలు వేసుకున్నారు. తరవాత ఒక కాలు ఎత్తి, ముందుకీ వెనక్కీ ఊగి, ఇంకో కొమ్మ పట్టుకుంది. అప్పటికి ఆకుపచ్చ తిరిగి వచ్చింది.

మావాడు పంజరాలు సర్దుకుని వెళ్లిపోయాడు. ఇసుక డ్రమ్ము కూడా పట్టుకెళ్లాడు, ఈసారి కారులో పట్టింది. ఇక మగదాన్ని దాని దగ్గర పెట్టనని మాటిచ్చాడు, కొమ్ములవి కొననన్నాడు. కాగితాల కోసం అమ్మినవాడికి ఫోన్ చేస్తే నంబరు పనిచెయ్యడం లేదట. అటవీశాఖ వాళ్ల దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పమని మావారు రోజూ తగులుకుంటున్నారు. మొన్న కోడలికి ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, నొప్పులు పద్దెనిమిది గంటలు పట్టాయి పిన్నీ అని వాడు చెబుతుంటే గొంతు బొంగురుపోయింది. యెమెన్‌ది ఎలా ఉందిరా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. మేత తగ్గించానన్నాడు.

కంచె మీదిది మాత్రం అక్కడే ఉంది. నిన్న మా పనమ్మాయి తోటలోంచి పుల్లలు తెస్తూ దాన్ని చూసి, మొహం పక్కకి తిప్పుకుని, చుట్టూ తిరిగి వచ్చింది. నేనేమీ అనలేదు.